దబ్బనం, దారం, నాలుగు మంచి మాటలు



ఈ నెల నేను చేసిన ఒక పొరపాటు గురించి రాస్తున్నాను. బోధకుడు తన పొరపాటును తానే చెప్పుకోవడం కొంచెం కష్టమే. అయినా దాని నుండి నేను నేర్చుకున్నది మీ ఊరి సంఘానికి కూడా పనికివస్తుందని నమ్మి రాస్తున్నాను.

వనపర్తి వైపు నేను పరిచర్య చేసే ఊళ్లలో ఒక చిన్న మందిరం ఉంది. దాని ముందు రేకుల వరండా. ఒక గురువారం మధ్యాహ్నం ముందుగా చెప్పకుండా అక్కడికి వెళ్లాను. వరండాలో పాత చీర పరచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, చుట్టూ పది పన్నెండు మంది స్త్రీలు కూర్చుని బొంత కుడుతున్నారు. చేతుల్లో దబ్బనాలు నడుస్తున్నాయి, వాటికంటె వేగంగా మాటలు నడుస్తున్నాయి. ఎవరో ఏదో అన్నారు, అందరూ పగలబడి నవ్వారు. నన్ను చూడగానే ఆ నవ్వు ఆగిపోయింది. కొంగులు తలల మీదికి వచ్చాయి.

“ప్రార్థన అయిందా అమ్మా?” అని అడిగాను.

ఎవరూ మాట్లాడలేదు.

“ఇది ప్రార్థన మందిరం. ముచ్చట్లు పెట్టుకునే రచ్చకట్ట కాదు. ప్రార్థన చేస్తే చేయండి, లేకపోతే ఎవరి ఇండ్లకు వాళ్లు పోండి” అన్నాను. అంతటితో ఊరుకోలేదు. ఇల్లిల్లు తిరిగి లేనిపోని మాటలు మాట్లాడే స్త్రీల గురించి పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయం 13వ వచనం కూడా గుర్తు చేశాను. గట్టిగా బోధించానని తృప్తిపడి సైకిల్ మోటారు ఎక్కి వచ్చేశాను.

తరువాతి గురువారం వరండా ఖాళీగా ఉంది. ఆ పై గురువారం కూడా అంతే.

మూడో వారం ఆదివారం ఆరాధన అయిన తరువాత ఒక పెద్దమ్మ నా దగ్గరకు వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. “అయ్యగారూ, మీరు కోపం జేసుకోనంటె ఒక మాట జెప్తా” అంది.

“చెప్పు పెద్దమ్మా.”

“ఆ పిల్ల మందిరానికి రాక ఎనిమిది నెలలాయె. బొంత కాడికి మాత్రం వస్తుండె. మీరు పొమ్మంటిరి. ఇగ ఆ పిల్ల యాడికి పోవాలె?”

ఆ పిల్ల ఎవరో నాకు వెంటనే తెలిసింది. బోర్ల కోసం అప్పు మీద అప్పు చేసి, నీళ్లు పడక, ఆ దిగులుతో తన ప్రాణం తానే తీసుకున్న ఒక రైతు భార్య. భూస్థాపన చేసింది నేనే. తరువాత రెండుసార్లు వాళ్ల ఇంటికి వెళ్లి వాక్యం చదివి ప్రార్థన చేశాను. రెండుసార్లూ ఆమె తలుపు వెనక నిలబడి “బాగున్న అయ్యగారూ” అంది. బాగానే ఉందనుకున్నాను. ఆదివారం రావడం లేదేమని పెద్దలతో అన్నాను కూడా.

ఆమె ఆ వరండాలో ఓ మూలన కూర్చుంటుందట. చూపు మందగించిన ముసలమ్మలకు సూదుల్లో దారం ఎక్కించి ఇస్తుందట. మాట్లాడదు. ఎవరూ మాట్లాడించరు. వెళ్లేటప్పుడు మాత్రం “రేపొచ్చే గురువారం వస్తవు కదా బిడ్డా?” అని ఎవరో ఒకరు అడుగుతారట. ఆమె తల ఊపుతుందట. మందిరం తలుపులోనుండి రాలేకపోయిన మనిషి వరండాలోనుండి వస్తూ ఉంటే, ఆ దారి నేను మూశాను. అది కూడా దేవుని వాక్యం పేరుతో మూశాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అపొస్తలుల కార్యముల 9వ అధ్యాయం తీశాను. యొప్పేలో తబితా అనే శిష్యురాలు, గ్రీకులో దొర్కా. ఆ పేరుకు లేడి అని అర్థం. ఆమె చనిపోతే పేతురు వస్తాడు. మేడగదిలో విధవరాండ్రు ఏడుస్తూ ఆమె కుట్టిన అంగీలు, వస్త్రాలు అతనికి చూపిస్తారు. ఈ భాగం మీద ఎన్నోసార్లు ప్రసంగించాను. ధర్మకార్యాలు చేయాలని, బీదలకు బట్టలు ఇవ్వాలని చెప్పాను. కాని ఆ రాత్రి ఒక చిన్న మాట దగ్గర నా కన్ను ఆగింది. ఆమె తమతో కూడ ఉన్నప్పుడు చేసిన బట్టలని లూకా రాశాడు. ఇంట్లో ఒంటరిగా కుట్టి పంపిన బట్టలని కాదు, తమతో ఉండగా అని. ఆ విధవరాండ్రు పోగొట్టుకున్నది బట్టలిచ్చే మనిషిని మాత్రమే కాదు. తమ మధ్య కూర్చునే మనిషిని పోగొట్టుకున్నారు.

మరి 16వ అధ్యాయంలో ఫిలిప్పీ పట్టణం బయట నది దగ్గర స్త్రీలు కూడుకుంటే పౌలు ఏం చేశాడు? వెళ్లి కూర్చున్నాడు. కూర్చుని మాట్లాడాడు. నేనేమో నిలబడి గద్దించాను.

తరువాతి గురువారం పెద్దమ్మ చేత కబురు పంపించి అందరినీ రమ్మన్నాను. వరండా మెట్ల మీద కూర్చుని, “నాది తప్పయింది, నన్ను మన్నించండి” అన్నాను. కొంతసేపు నిశ్శబ్దం. అప్పుడు పెద్దమ్మ ఒక దబ్బనం నా చేతికిచ్చి, “మన్నించినం గాని, ఒక వరస కుట్టుండ్రి అయ్యగారూ” అంది. కుట్టాను. నా కుట్టు పాము నడిచినట్టు వంకరలు పోయింది. అందరూ నవ్వారు. పెద్దమ్మ నా వరస మొత్తం ఊడదీసి మళ్లీ కుట్టింది. ఆ నవ్వులో ఎంత ఆదరణ ఉందో ఆ రోజు తెలిసింది.

బొంత మన పాలమూరు ఇండ్లకు కొత్తది కాదు. మెత్తబడిన పాత చీరలు, పంచెలు మూడు నాలుగు పొరలుగా వేసి, అంచు నుండి లోపలికి వరసలు వరసలుగా కుట్టుకుంటూ పోవడమే. ఒక్కరే కుడితే రోజుల తరబడి పట్టే పని, నాలుగు వైపులా కూర్చుంటే తొందరగా అయిపోతుంది. చలికాలపు రాత్రికి కప్పుకోను ఒకటి, బాలింతకు పొత్తిళ్లుగా ఒకటి, పూణేకో ముంబైకో పనికి వలసపోయే వాళ్ల మూటలో ఒకటి. అందులో చనిపోయిన అత్త చీర ఉంటుంది, పెండ్లయి వెళ్లిన బిడ్డ లంగా ఉంటుంది. ఏ ముక్క ఎవరిదో కుట్టేవాళ్లకు తెలుసు. ఆ ముక్క చేతికి రాగానే ఆ మనిషి కథ బయటికి వస్తుంది.

ఉన్ని కూడా మనకు పరాయిది కాదు. గొర్రె బొచ్చును మన ఊళ్లలో ఆడవాళ్లు వడికితే, మగ్గం మీద గొంగడి అయ్యేది. నూలుకు చింతగింజల గంజి పట్టించేవారు. నిర్గమకాండం 35వ అధ్యాయంలో ప్రత్యక్ష గుడారం కోసం స్త్రీలు మేక వెంట్రుకలు వడికారని చదివినప్పుడు మన పల్లె స్త్రీలకు అది ఎంత సులభంగా అర్థమవుతుందో! ఇప్పుడు మా గుంపులో ఒక రిటైరైన టీచరమ్మ ఉన్నారు. చిన్నప్పుడు నాగర్‌కర్నూల్‌లో బోర్డింగులో ఉండి కుట్లు, అల్లికలు నేర్చుకున్నారు. ఆమె ఊలు తెచ్చి, పడుచుపిల్లలకు అల్లిక సూదులు పట్టుకోవడం నేర్పిస్తున్నారు. పుట్టిన పిల్లలకు టోపీలు అల్లుతున్నారు. మొదటి టోపీ ఏ పిల్లవాడి తలకూ పట్టలేదు. దానిని పెద్దమ్మ తన చెంబుకు తొడిగింది.

ప్రియులారా, ఇలాంటి గుంపులకు మన సంఘాలు ఎంత బాకీ ఉన్నాయో మీకు తెలుసా? మన ప్రాంతంలో చాలా సంఘాలు మెన్నోనైట్ బ్రెదరన్ మిషన్ సేవలో పుట్టినవి. ఉత్తర అమెరికా నుండి ఆ మిషనరీలు 1899లో హైదరాబాదుకు వచ్చారు. నాగర్‌కర్నూల్, వనపర్తి స్టేషన్లు ఆ తరువాత ఇరవై ఏండ్లలోపే ఏర్పడ్డాయి. గద్వాల, మహబూబ్‌నగర్ పొలాలు 1937లో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నుండి వారి చేతికి వచ్చాయి. స్టేషన్లు కట్టిన దొరల పేర్లు మన పెద్దలకు జ్ఞాపకమే. కాని వాళ్లను పంపడానికి డబ్బు ఎక్కడ నుండి వచ్చింది?

అందులో ఒక భాగం సూదుల నుండి వచ్చింది. ఆ సంఘాల స్త్రీలకు కుట్టు సమాజాలు ఉండేవి. రైతుల భార్యలు ఒకచోట చేరి బొంతల వంటి దుప్పట్లు కుట్టేవారు, మేజోళ్లు అల్లేవారు. వాటిని వేలం వేసి, వచ్చిన సొమ్ము మిషన్ పనికి ఇచ్చేవారు. ఆ కాలంలో సంఘ సభలో నిర్ణయాలు పురుషులవి. వాళ్లకు సభలో మాట లేకపోయినా వాళ్ల సూదులు మాట్లాడాయి. గద్వాలను గాని వనపర్తిని గాని ఎన్నడూ చూడని ఆ తల్లులు కుట్టిన కుట్లలో కొన్ని మన తాత ముత్తాతల సువార్తగా మారాయి.

1920లో దక్షిణ రష్యాలో, అంటే నేటి ఉక్రెయిన్ ప్రాంతంలో, ఆకలితో అలమటించే వారికి సహాయం చేయడానికి మెన్నోనైట్ సెంట్రల్ కమిటీ ఏర్పడింది. ఈనాటికీ ఆ సంస్థ నిరాశ్రయులకు దుప్పట్లు పంపుతూ ఉంది. అవి ఎలా చేస్తారో వింటే మీకు నవ్వు వస్తుంది. బట్ట ముక్కలు కలిపి, పొరలు వేసి, చుట్టూ కూర్చుని దారంతో ముడులు వేస్తారు. మన బొంతే! సముద్రానికి అవతల ఒక బొంత, ఇవతల ఒక బొంత.

అయితే దారం, సూది ఉన్నంత మాత్రాన సహవాసం వస్తుందా? రాదు. దీనికి మన తెలుగునాటనే సాక్ష్యం ఉంది. నరసాపురం లేసు గురించి మీరు వినే ఉంటారు. గోదావరి ప్రాంతపు స్త్రీలకు 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన అల్లిక అది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చూడ ముచ్చటైన పని. కాని మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఆ స్త్రీల మధ్య తిరిగి 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చుని, ఏజెంటు ఇచ్చిన దారం అల్లి ఇస్తే, గంటల తరబడి కష్టానికి దక్కేది అతి స్వల్పమని ఆమె చూపించింది. ఇంట్లో ఊరికే కూర్చున్న ఆడవాళ్లు తీరికలో చేసే పని కదా అని దానిని పనిగానే లెక్కించలేదు. అదే సూది, అదే దారం. ఒకచోట దానికి తోడు దొరికింది, ఇంకొకచోట దొరకలేదు.

2013లో ఇంగ్లండు నుండి వెలువడిన ఒక పత్రికలో అల్లిక చేసే మూడున్నర వేల మందికి పైగా ఇచ్చిన జవాబులను పరిశీలించి రాశారు. తరచుగా అల్లేవాళ్లు మనసు నెమ్మదిగా ఉంటుందని చెప్పారు. గుంపులో కూర్చుని అల్లేవాళ్లు సంతోషం, తోటివారితో కలివిడి ఎక్కువగా ఉన్నాయని చెప్పారు. ఇది చదివి పెద్దమ్మకు చెబితే, “దీనికి ఇంగ్లండు దాకా పోవాల్నా? నన్నడిగితే చెప్పకపోదునా?” అంది.

ఆ మనశ్శాంతి ఎక్కడిది అని ఆలోచించాను. ఎదురెదురుగా కూర్చుని “నీ బాధ చెప్పు” అంటే ఎవరికైనా నోరు రాదు. బొంత దగ్గర అందరి కండ్లూ బట్ట మీదనే ఉంటాయి. చెప్పాలనుకుంటే చెప్పవచ్చు, వద్దనుకుంటే ఊరుకోవచ్చు. మాట్లాడకపోయినా పని చేస్తున్నట్టే. కన్నీళ్లు వస్తే తల వంచుకునే ఉన్నాము గనుక ఎవరికీ కనబడవు. ఆదివారం ఆరాధనలో ఆమెను అందరూ చూస్తారు. సాక్ష్యం చెప్పమంటారు. అది ఆమె మోయలేకపోయింది. డ్వాక్రా సంఘానికి పోతే కిస్తీ గుర్తుకు వస్తుంది. బొంత దగ్గర కిస్తీ లేదు, తీర్మానం లేదు, హాజరు పుస్తకం లేదు.

ఇంకొక మేలు కూడా చూశాను. ఆదివారం మన మందిరానికి రాని పొరుగు స్త్రీలు కూడా బొంత దగ్గరకు వస్తున్నారు. వేరే సంఘం వాళ్లు వస్తున్నారు. దేవుణ్ణి ఇంకా ఎరుగని వాళ్లు వస్తున్నారు. వీళ్లను ఎలా కలుపుకోవాలి అని నేను తికమకపడుతున్న రోజుల్లో గద్వాలలో ఒక ఇంటి కూడికకు వెళ్లి, పక్కనే మగ్గం నేస్తుంటే నిలబడి చూశాను. గద్వాల చీర సంగతి మీకు తెలిసిందే. ఒళ్లు నూలు, అంచు పట్టు. నూలు పట్టు కాదు, పట్టు నూలు కాదు. కాని అవి కలిసే చోట ప్రతి వరసలోనూ ఒక దారాన్ని ఇంకొక దారంలో కొలికి వేసి పట్టుకుంటారు. ఒక్కసారి కలిపి వదిలేస్తే చీర అక్కడ చీలిపోతుంది. అందుకే వరస వరసకూ కలపాలి. సహవాసం కూడా అంతే. క్రిస్మస్‌కు ఒకసారి చేయి కలిపితే చాలదు. వారం వారం కలపాలి.

ముచ్చట్లు చాడీలుగా మారవా అని పెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నేను చూపిన వచనం అబద్ధం కాదు, నేను వాడిన చోటు తప్పు. దానికి ఆ తల్లులే మూడు కట్టుబాట్లు పెట్టుకున్నారు. మొదటిది, అక్కడ లేని మనిషి మాట వస్తే, “ఆమెకు మనమేం జేద్దాం?” అనే మాటతోనే ముగించాలి. రెండవది, తినడానికి ఉడకబెట్టిన పల్లికాయనో గుడాలో తప్ప ఇంకేమీ తేకూడదు. ఒకరు మిఠాయి తెస్తే ఇంకొకరు తేలేక రావడం మానేస్తారు. మూడవది, కుట్టిన మొదటి బొంత ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే పోవాలి. లేచేముందు ఎవరో ఒకరు చిన్న ప్రార్థన చేస్తారు. అది నేను పెట్టిన నియమం కాదు.

మీ ఊళ్లో ఇలాంటిది మొదలు పెట్టడానికి పెద్ద ఖర్చు లేదు. పాత చీరలు ప్రతి ఇంట్లో ఉన్నాయి. దబ్బనాలు, ముతక దారం సంతలో దొరుకుతాయి. వారంలో ఒక మధ్యాహ్నం, ఒక చెట్టు నీడ లేదా వరండా చాలు. పిలవవలసింది ముందుగా కుట్టు బాగా వచ్చినవాళ్లను కాదు, ఇల్లు దాటి రానివాళ్లను. పాస్టర్లకు, పెద్దలకు నా మనవి ఒకటే. నవ్వు వినబడితే వెంటనే లోపలికి పోయి ఆపకండి. కొంచెంసేపు కూర్చోండి.

చివరిగా ఆ సహోదరి సంగతి. కిందటి జూన్‌లో ఆమె కొడుక్కి గురుకులంలో సీటు వచ్చింది. హాస్టలుకు దుప్పటి తెచ్చుకోవాలన్నారు. ఆ గురువారం ఆమె ఒక పంచె మడతపెట్టి తెచ్చింది. అది ఎవరిదో అందరికీ తెలుసు. ఎవరూ అడగలేదు. పెద్దమ్మ దానిని తీసుకుని రెండు చీరల మధ్య పొరగా పరచి, ముడతలు పోయేలా చేత్తో నిమిరింది. నాలుగు వైపులా అందరూ కూర్చున్నారు. ఆ రోజు ఆమె దారం ఎక్కించి ఇవ్వలేదు, తానే దబ్బనం పట్టింది. సగం అయిన తరువాత, “వానికి చలి ఎక్కువ. వాళ్ల నాయినకు లెక్కనే” అంది. ఏడాదికి పైగా ఆ గుంపులో కూర్చుని, తన భర్త గురించి ఆమె చెప్పిన మొదటి మాట అదేనట. ఎవరో “అవును, మీ ఆయన ఎండకాలంల గూడ కప్పుకుంటుండె” అన్నారు. ఆమె నవ్వింది. తరువాత ఏడ్చింది. దబ్బనాలు ఆగలేదు.

ఆమె ఇంకా ప్రతి ఆదివారం రావడం లేదు. వచ్చినరోజు వెనక కూర్చుంటుంది. సాక్ష్యం చెప్పమని నేను అడగను. గురువారం మాత్రం తప్పదు.

ప్రార్థన: ప్రభువా, యొప్పేలో కన్నీళ్లు కార్చిన విధవరాండ్రను చూచిన దేవా, మా ఊళ్లలో తలుపుల వెనక నిలబడిన వారిని మాకు చూపుము. మా చేతుల పనిని, మా నోటి మాటలను, మా నవ్వులను కూడా నీ సేవకు వాడుకొనుము. నీవు తెరచిన ద్వారమును మేము మూయకుండ మమ్మును కాపాడుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.